సున్నా నంబరు కేబులు, రెండు పేర్ల కాక

మా వీధికంతటికీ చిన్నాన్న వరసైన కాక పోయారు. ఆ వార్త నాకు అందిన తీరు ముందుగా చెబుతాను.

దుకాణం షట్టరు సగం ఎత్తి, మిగతా సగం కోసం చేతులు మార్చుకుంటున్నాను. ఆ సందులోంచి కాక అల్లుడు వంగి తల లోపలికి పెట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మామ పోయిండన్నా," అన్నాడు. నేను షట్టరు వదిలేయబోయి మళ్లీ పట్టుకున్నాను. అతడు ముక్కు తుడుచుకొని, "ఫ్లెక్సీ మీద ఏ పేరు కొట్టియ్యాలె?" అన్నాడు.

కొత్తవారికి ఈ ప్రశ్న విడ్డూరంగా తోచవచ్చు. మా వీధిలో ఎవరికీ తోచలేదు. కాకకు రెండు పేర్లు. ఒకటి తల్లి పెట్టింది. రెండోది డ్యూటీ పేరు. బొగ్గుబాయిలో దిగింది, ఎక్కింది, రిటైరైంది ఈ రెండో పేరుతోనే. కార్డులు, బ్యాంకు పుస్తకం, పెన్షన్ కాగితాలు అన్నీ దాని మీదే ఉన్నాయి. ఇకపై చిన్నమ్మకు, అంటే కాక భార్యకు, రావలసిన పెన్షన్ కూడా ఆ పేరుగల మనిషి భార్యగానే రావాలి. ఫోటో కింద ఇంకో పేరు కనబడితే ఎవరో ఒకరు ఫోను తీసి ఫోటో పట్టుకుంటారనీ, అది తిరిగి తిరిగి ఆఫీసుకు చేరుతుందనీ అల్లుడి భయం. అతడు పెద్దపల్లిలో గుమస్తా. కాగితం ఎంత దూరం నడవగలదో తెలిసినవాడు.

చిన్నమ్మ మాత్రం గోడకు ఆనుకొని కూర్చొని ఒకే మాట పట్టుకున్నారు. "బతికినన్ని దినాలు మంది పేరు మీద, పరాయోని పేరు మీద బతికిండు. పోయినంక గూడ మంది పేరేనా? ఒక్కపారి ఆయన పేరు ఆయనకు రాయుండ్రి."

పాఠకులు ఆ రెండు పేర్లలో ఏదీ ఇక్కడ వెతకవద్దని మనవి. పెన్షన్ ఆఫీసువారికి కూడా చదివే అలవాటు ఉండవచ్చు. నేను ఆయనను ఎప్పుడూ కాక అనే పిలిచాను. ఇక్కడా అదే.

గోదావరిఖనిలో నాది కంప్యూటర్ల మరమ్మతు దుకాణం. కాలేజీ మెట్లు ఎక్కినవాణ్ని కాను. విప్పి చూసి, మళ్లీ బిగించి, మిగిలిపోయిన మరమేకు ఎక్కడిదో వెతుక్కుంటూ నేర్చుకున్నాను. కాక రిటైరైన తర్వాత కూడా మొదటి షిఫ్టు వేళకే తయారయ్యేవారు. బాయి లేదు గనుక నా దుకాణానికి వచ్చేవారు. నేను తెరిచేది చాలా ఆలస్యంగా. "కంపెనీల ఉంటే నీకు ఈ పాటికి సగం నాగా పడుతుండె, సగం జీతం కోత," అని రోజూ ఆహ్వానించేవారు, నా దుకాణంలోకి నన్ను.

స్టూలు మీద కూర్చొని, టీ సాసరులో పోసుకొని, సగం నా సాసరులో పోసేవారు. నాకు వద్దన్నా పోసేవారు. సాయం చేసే అలవాటు కూడా ఉండేది. పట్టని చోట కేబులును పట్టించడంలో ఆయన చెయ్యి గట్టిది. అలా పట్టించిన మూడు సందుల్లో ఒకటి మళ్లీ ఏ కేబులునూ పట్టేది కాదు. పలకని ప్రింటరును అరచేత్తో ఒక దెబ్బ వేసేవారు. అది పలికినప్పుడల్లా నా వైపు చూసేవారు. పలకనప్పుడు ప్రింటరు వైపు చూసేవారు.

దుకాణంలోకి ఎవరు వచ్చినా మూడు ప్రశ్నలు. "ఏ బాయి? ఏ షిఫ్టు? ఎవలి కొడుకువు?" ఒకసారి జ్యోతినగర్ నుంచి ఒక యువ ఇంజనీరు ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చాడు.

"ఏ బాయి బిడ్డా?"

"నాది బాయి కాదండీ, పవర్ ప్లాంట్."

"గట్లనా. మేం తవ్వింది మీరు కాలవెడ్తరు. ఎవలి కొడుకువు?"

"మాది ఇక్కడ కాదండీ, విజయనగరం."

కాక స్టూలు ముందుకు జరుపుకున్నారు. ఏ గదిలోనూ పట్టని వస్తువు చేతికి వచ్చినట్టు అటూ ఇటూ చూశారు. చివరికి, "సరే కూసో. గీయిన కొడుకువే అనుకుంట," అని నన్ను చూపించారు. ఆ అబ్బాయి ఆరు నెలల తర్వాత పెళ్లిపత్రిక తెచ్చి కాకకే ఇచ్చాడు. నాకు ఇవ్వలేదు.

నా పని ఏమిటో కొంత చెప్పకపోతే కాకను పూర్తిగా చెప్పలేను. కంప్యూటర్‌కు ప్రింటరో కేబులో తగిలించగానే అది మొదట అడిగేది "నువ్వెవరు?" అని. ఆ వస్తువు తన లోపల రాసి ఉన్న రెండు నంబర్లు చెబుతుంది. ఒకటి తయారుచేసినవారిది, రెండోది ఆ రకం వస్తువుది. అటువంటి వస్తువుతో మాట్లాడటం తెలిసిన చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. దాని దగ్గర ఒక పట్టిక ఉంటుంది. చెప్పిన నంబర్లు పట్టికలో ఉంటే పని మొదలవుతుంది. లేకపోతే ఆ వస్తువు ఎంత మంచిదైనా గడప బయటే నిలబడుతుంది.

ఇది కాకకు చెప్పడానికి నేను ఒక పొద్దంతా సిద్ధమయ్యాను. ఆయన సాసరు దించకుండానే, "మస్టరే గదా. పేరు పిలుస్తరు, పలికినోడు దిగుతడు. దీనికి గంత సదువెందుకు?" అన్నారు.

మా వైపు పాత కంప్యూటర్లు ఎక్కువ. వాటిలో ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి లారీలను తూచే కాంటాలకు, జిరాక్స్ సెంటర్లకు, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే దుకాణాలకు ఇస్తుంటాను. బజారులోకి వచ్చిన ప్రతి కొత్త సరుకు కోసం పట్టికలో ఒక లైను చేర్చే బాధ్యత అలా నా మీద పడింది. లోపల చిప్పు పాతదే ఉంటుంది. పైడబ్బా నలుపు నుంచి నీలానికి మారితే చాలు, తయారీవారు కొత్త నంబరు వేస్తారు. ఎవరికీ చెప్పరు. కొన్నవాడు నా దగ్గరికి వచ్చి, "నీ కంప్యూటర్ ఖరాబైంది," అంటాడు.

"అంగీ మార్చుకొని వచ్చినోనికి మల్ల భర్తీ కాయితాలు రాస్తవా? నీకేం పని లేదా?" అని కాక అడిగేవారు.

"నేను మార్చలే కాకా, వాళ్లు మార్చిండ్రు."

"అయితే వాళ్లకు పని లేదు."

చేర్చడం ఒక బాధ అయితే, తీయలేకపోవడం ఇంకో బాధ. ఫోను తీగకు తగిలించే పాతకాలపు మోడెమ్‌ది ఒక లైను ఏళ్లుగా ఊరికే పడి ఉండేది. ఊళ్లోనే కాదు, జిల్లాలోనే అటువంటిది లేదని తేల్చుకొని ఒకనాడు తీసేశాను. కాకకు చెప్పాను కూడా, పట్టిక శుభ్రమైందని. ఆ వారమే మందమర్రి నుంచి ఒక పెద్దాయన రైలెక్కి వచ్చాడు. చంకలో తువ్వాలు మూట. విప్పితే అదే మోడెమ్. "మొన్నటిదాంక మంచిగనే ఉండె," అన్నాడు. కాక దగ్గు వచ్చేదాకా నవ్వారు. తర్వాత మూడు ప్రశ్నలు వేసి, ఆ పెద్దాయన తన పాత షిఫ్టువాడేనని తేల్చి, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి తీసుకుపోయారు. నేను ఒంటరిగా కూర్చొని తీసిన లైను మళ్లీ పెట్టాను. "తీసెయ్యకు కొడుకా. నువ్వు తీసేసిన దినమే ఆయన బండెక్కుతడు." కాక ఈ మాట ఆ తర్వాత నేను చెత్తబుట్ట ఖాళీ చేసినప్పుడు కూడా అనేవారు.

పైగా ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా నా లైన్లు పాతదానిలోనే ఉండిపోతాయి. అన్నీ మళ్లీ చేర్చాలి. ఈ బాధ తప్పాలంటే ఒకటే దారి. ఆ డ్రైవర్‌ను ప్రపంచానికంతటికీ నడిపే పెద్దలు కొందరు ఉన్నారు. లైనును వారికి పంపితే, వారు ఒప్పుకుంటే, అది అసలు పట్టికలోనే చేరుతుంది. వారు ఊరికే ఒప్పుకోరు. ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎవరు పరీక్షించారు అని అడుగుతారు. కాక ప్రశ్నలకు అలవాటుపడిన నాకు అది కష్టమనిపించలేదు.

పెద్దపల్లి దారిలో ఒక అక్క లారీ కాంటా నడుపుతుంది. ఒకనాడు ఆమె ఫోను. కాంటా పక్కన బరువు చూపే డబ్బా మీద అంకె పడుతోంది, కంప్యూటర్‌లోకి రావడం లేదు. చీటీ అచ్చు కాదు. చేతిరాత చీటీని లారీవాళ్లు ముట్టుకోరు. నేను, కాక స్కూటరు మీద వెళ్లేసరికి లారీలు రోడ్డు మలుపు దాకా నిలబడి ఉన్నాయి.

రెంటినీ కలిపే కేబులును విప్పి చూశాను. పేరున్న కంపెనీ నంబరు వేసుకున్న నకలు చిప్పు. ముందురోజు ఎవరో దాన్ని తమ ల్యాప్‌టాప్‌కు తగిలించారట. ఆ కంపెనీవారి కొత్త డ్రైవర్ దాన్ని నకలుగా పోల్చి, దానిలోని రెండో నంబరును చెరిపి సున్నా చేసింది. ఇప్పుడు నువ్వెవరు అని అడిగితే అది "సున్నా" అంటుంది. సున్నా ఏ పట్టికలోనూ లేదు.

"ఇది నకలు అక్కా. అసలుది హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె. రెండు రోజులు," అన్నాను.

"రెండు రోజులా! గప్పటిదాంక ఈ లారీలను నీ దుకాణంల జోకుతవా?"

కాక కేబులు చేతిలోకి తీసుకొని తిప్పి చూశారు. "ఏమంటున్నదిది?"

"సున్నా అంటున్నది కాకా."

"అంటున్నది గదా? ఊకుంటలేదు గదా?"

"సున్నా అంటే పేరు లేనట్టు. గట్లాంటిదాన్ని పట్టికల రాయద్దు. అది మోసం సరుకు."

"మోసం చేసింది అమ్మినోడు. దీన్నెందుకు తిడ్తవ్? బరువు సక్కగ చెప్తదా లేదా, గది సూడు. చెప్తే సున్న అనే రాసుకో."

అక్క నడుముకు చెయ్యి పెట్టి నా వైపు చూస్తోంది. వెనక లారీ హారన్లు. నేను కూర్చొని, ఆ కంపెనీ నంబరు పక్కన సున్నా వేసి ఒక లైను రాశాను. ఇక పరీక్ష. లారీ రాకముందే కాక నడుచుకుంటూ వెళ్లి కాంటా నడిమధ్య నిలబడ్డారు.

"ఎంత?"

"అరవై."

"మొన్న దవాఖానల అరవై నాలుగు. నకల్ది నాలుగు కిలోలు తిన్నదా?"

అది లారీ కాంటా అనీ, పదుల్లోనే చెబుతుందనీ వివరించాను. మిగిలిన నాలుగు కిలోలు తన దగ్గరే ఉన్నాయా అని రెండుసార్లు అడిగి దిగారు. తర్వాత అసలు పరీక్ష జరిగింది. ఒక్కో లారీ ఎక్కగానే కాక డబ్బా దగ్గర నిలబడి అక్కడి అంకె అరిచేవారు. నేను తెరమీద అంకెతో సరిచూసుకొని "సరే" అని అరిచేవాణ్ని. చీకటి పడేదాకా ఒక్క తేడా రాలేదు. వరస తీరిపోయింది. అక్క ఇద్దరికీ మిర్చి బజ్జీలు తెప్పించి, నాకు మాత్రం, "రెండు రోజులంట, రెండు రోజులు," అంటూ పొట్లం ఇచ్చింది.

ఆ లైనును పెద్దలకు పంపాను. జవాబు వచ్చింది. కాక స్టూలు మీదే ఉన్నారు.

"ఏమని రాసిండ్రు?"

"బాగనే ఉందంట. పరీక్ష చేసినాయన పేరు గూడ లైను కింద రాయాల్నట."

"నేనే గదా చేసిన."

"నీ పేరే కొడుతున్న. పూర్తి పేరు, అసలు పేరు ఉండాలెనంట. మారుపేర్లు ఒప్పుకోరంట."

కాక సాసరు కింద పెట్టారు. "గట్ల రాసిండ్రా?"

"రాసిండ్రు."

"అయితే కొట్టింది తీసెయ్యి," అని, నేను ఎన్నడూ వినని ఒక పేరు చెప్పారు.

"గిదెవలు కాకా?"

"నేనే."

అప్పటికి నా ఫోనులో, వారంటీ చీటీల్లో, మా ఇంటి శుభకార్యాల పిలుపుల జాబితాలో ఆయన డ్యూటీ పేరుతోనే ఉన్నారు. బయటికి వెళ్లి టీ కొట్టతణ్ని మెల్లగా అడిగాను. "నీకు తెల్వదా?" అన్నాడు. దర్జీని అడిగాను. అతడూ అదే మాట. వీధి అంతటికీ తెలిసిన సంగతి నాకొక్కడికే తెలియదు. నేను రాసి ఉన్నదాన్ని నమ్మే మనిషిని.

ఆ మధ్యాహ్నం కాక కథ చెప్పారు. ఉద్యోగం కాగితం వచ్చింది ఆయనకు కాదు, మేనమామ కొడుక్కి. ఆ బావ ఒక్క షిఫ్టు దిగి, ఎక్కి, "కింద ఆకాశం లేదు, నేను పోను," అని ఊరికి పరుగెత్తి మేకల్లో కలిసిపోయాడు. కాగితం పాడైపోతుందని ఇంటి పెద్దలు మర్నాడు కాకను పంపారు. మస్టరులో బావ పేరు పిలిచారు. కాక, బావ మళ్లీ వచ్చాడేమోనని వెనక్కి తిరిగి చూశారు. వెనకవాడు మోచేత్తో పొడిచి, "నిన్నేరా!" అన్నాడు. ఆ మోచేతి దెబ్బతో ఆయన కొత్తపేరు మొదలైంది.

అలవాటు పడ్డాక ఇంకో చిక్కు వచ్చింది. ఇంట్లో తల్లి అన్నానికి సొంత పేరుతో పిలిస్తే పలికేవారు కాదు. బొగ్గు దుమ్ము చెవుల్లో నిండిందని ఆమె వారం రోజులు గోరువెచ్చని నూనె పోసిందట. "కన్న అవ్వ తల్లడిల్లుతుందని పలుకుడు మల్ల నేర్చుకున్న," అన్నారు కాక. "రెండిట్లకు పలికిన కొడుకా. ఒక్కదాంట్ల గూడ నాగా పెట్టలే."

సున్నా లైను అసలు పట్టికలో చేరింది. దాని కింద ఆయన సొంత పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. తెరమీద చూపించాను. ఎంతమంది చదువుతారని అడిగారు. దేశదేశాలవారు చదవవచ్చు, కానీ మన ఊరివారెవరూ చదవరు అన్నాను. "మంచిగైంది. పెన్షన్‌కు ఫికర్ లేదు," అన్నారు. చాలాసేపు తెరముందు నుంచి లేవలేదు.

ఇక ఫ్లెక్సీ దగ్గరికి వస్తాను. మేం ఆలోచిస్తుండగానే పాత షిఫ్టువాళ్లు డ్యూటీ పేరుతో ఒకటి కొట్టించి కాలనీ చౌరస్తాలో కట్టేశారు. తప్పుపట్టడానికి లేదు. వారితో కలిసి దిగింది ఆ పేరే. మధ్యాహ్నం ఊరి నుంచి ఆ బావ ఆటోలో వచ్చాడు. చౌరస్తాలో దిగి, పైకి చూసి, తన పేరుకు శ్రద్ధాంజలి చదువుకున్నాడు. ఏడుస్తూ వచ్చినవాడు ఏడుపు ఆపేశాడు.

"నేను పోయిననని నాకొక్కలన్న చెప్పలేదేందిరా!" అంటూ ఇంటికి వచ్చాడు. చిన్నమ్మ పాదాల దగ్గర కూర్చొని మళ్లీ ఏడ్చాడు. తర్వాత అల్లుడి వైపు తిరిగి, "నా పేరు నాకియ్యుండ్రి. ఆయన పేరు ఆయనకియ్యుండ్రి. నేనింక ఉన్న," అన్నాడు.

"ఒకటే ఫ్లెక్సీ మీద రెండు పేర్లు రాస్తే పట్టుకుంటరు పెద్దయ్యా," అన్నాడు అల్లుడు, దాదాపు ఏడుస్తూ. అందరూ నా వైపు చూశారు.

నాకు తెలిసిన విద్య ఒకటే. ఒకే చిప్పు రెండు పైడబ్బాల్లో వేర్వేరు నంబర్లతో వస్తే మేము పట్టికలో ఇదీ అదీ ఒకటేనని రాయము. ఒకదాని కింద ఒకటి రెండు లైన్లు రాస్తాము. రెండూ ఒకే డ్రైవర్ దగ్గరికి పోతాయి. ఆ మాటే చెప్పాను.

"అంటే?" అన్నాడు అల్లుడు.

"చౌరస్తాలది గట్లనే ఉండనియ్యి. ఇంకో ఫ్లెక్సీ కొట్టియ్యి. బాయి పేరు వద్దు, క్వార్టర్ నంబరు వద్దు. ఆయన పేరు, అంతే."

"ఫోటో?"

"ఉన్నది ఒక్కటే ఫోటో."

రెండోదాన్ని కాలనీకి దూరంగా కట్టాలి. కాంటా అక్క, "నా గోడకు కట్టుండ్రి, ఎవడొస్తడో చూస్త," అంది. మొదటి గంటలోనే ఒక లారీ డ్రైవరు కిందికి దిగి, "అక్కా, గీ మొఖమే చౌరస్తాల గూడ చూసిన. పేరు వేరే ఉన్నది. కవలలా?" అని అడిగాడు.

"అవునే. ఇద్దరు ఒక్క కంచంలనే తినెటోళ్లు."

"ఒక్కనాడే పోయిండ్రా! అయ్యో," అని అతడు తలపాగా తీసి నిలబడ్డాడు.

మూడోనాడు పిట్టకు పెట్టి, అంటే పోయినవారి పేరిట పక్షులకు అన్నం పెట్టి వస్తూ చిన్నమ్మ ఆటోను కాంటా వైపు తిప్పించారు. నేను పక్కనే ఉన్నాను. మా వైపు ఆ తరం ఆడవాళ్లు భర్త పేరు నోట పలకరు. చిన్నమ్మ మాత్రం దవాఖానలో, రేషన్ దుకాణంలో, బ్యాంకులో అడిగిన వెంటనే గట్టిగా చెప్పేవారు. చూసినవారు ఎంత ధైర్యమో అనుకునేవారు. ఆమె పలికింది కాక బావ పేరు గనుక ఆమెకు ఏ పట్టింపూ ఉండేది కాదు. అసలు పేరును పెళ్లినాటి నుంచి ఒక్కసారి కూడా అనలేదు.

ఆమె ఫ్లెక్సీ దగ్గరగా వెళ్లారు. లారీల దుమ్ము అప్పుడే అక్షరాల మీద పేరుకుంది. మొదటి అక్షరాన్ని కొంగుతో తుడిచి, వేలు పెట్టి, పైకి చదివారు. తర్వాతి అక్షరం తుడిచారు. సంతకం కోసం నేర్చుకున్న చదువు, కూడబలుక్కుంటూ సాగుతోంది. వెనక కాంటా మీద ఒక లారీ నిలబడి ఉంది. హారన్ కొట్టబోయిన డ్రైవరును అక్క చెయ్యెత్తి ఆపింది. చివరి అక్షరం దాకా వచ్చి, చిన్నమ్మ పేరంతా కలిపి ఒక్కసారి అన్నారు. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నా వైపు తిరిగారు.

"నేను పిలువలే కొడుకా," అన్నారు. "సదివిన."

వేలు ఇంకా చివరి అక్షరం మీదే ఉంది.